చెంచాడు మట్టినీళ్లు

మా పిన్ని పోయింది. మామిడి కోతలు సగంలో ఉండగా, మిట్టమధ్యాహ్నం, సొంత ఇంట్లో, సొంత మంచం మీద పోయింది. చాట్రాయి నుంచి రెడ్డిగూడెం దాకా ఆమెను ఎరగని ఊరు లేదు కనుక కబురు చెప్పడానికి మేము పెద్దగా కష్టపడలేదు. మేము ఫోన్లు అందుకునేలోపే చర్చి గంట మోగింది. కాయల లారీలెక్కి వెళ్లే కూలీలు ఊరూరా కబురు దింపుకుంటూ పోయారు. దాంతోపాటు ఇంకో మాట కూడా దింపారు. "వాళ్లే చంపేశారంట."

జ్ఞాపకార్థ కూడిక కూడా కాకముందే నూజివీడు బస్టాండులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఎంతో దయగా అడిగింది. "ఊపిరి మిషను మీరే తీయించారంటగా అమ్మా?" మిషను పెట్టనే లేదు, తీయించేదేముందని నేను అరిచిన అరుపుకు అరటిపళ్ల బండివాడు కూడా తిరిగి చూశాడు. నాకు కోపం ఎక్కువ. పిన్నికి నాకంటే ఎక్కువ. ఆమె ఎలా పోయిందో నేను చెప్పకపోతే ఊరు చెప్పేదే మిగులుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అందరికీ "సిస్టరు గారు". బాబాయి మామిడి రైతు. వాళ్లకు పిల్లలు లేరు. నేను నూజివీడు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ సెలవు దొరికితే చాలు, వాళ్ల తోటలో పడి ఉండేదాన్ని. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ దేవుణ్ణి తలుచుకునేది, పిన్ని నా కాళ్లు తడిమి చూసేది. నుదురు అబద్ధం చెబుతుంది గానీ పాదాలు చెప్పవని ఆమె నమ్మకం.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాన్పులకి పిలిచారు. ఇప్పుడు చావులకి పిలుస్తన్నారు. రెండూ చాకిరీయే" అని నవ్వేది. పిలిస్తే మాత్రం కులం, మతం, ఎండ, వాన చూడకుండా వెళ్లేది. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే మొదట మనిషిని చూసేది కాదు. మంచం పక్కన చూసేది. అక్కడ గ్లాసూ చెంచా ఉన్నాయేమోనని.

మా వైపు ఒక అలవాటు ఉంది. ప్రాణం పోక మనిషి మంచంలో కొట్టుకుంటుంటే, దేనిమీదో ఆశ మిగిలి ఉందంటారు. తోట ఉన్నవాళ్లకైతే ఆ ఆశ ఏమిటో వెతుక్కోనక్కర్లేదు. చెట్టు మొదట్లోంచి చిటికెడు మట్టి తెచ్చి నీళ్లలో కలిపి, అయినవాళ్లంతా వరసగా చెంచాడు చెంచాడు నోట్లో పోస్తారు. ఆశ తీరి ప్రాణం పోతుందని. నిజంగానే పోతుంది కూడా. మింగలేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళతాయని నర్సుకు తెలుసు. పోసేవాళ్లకు తెలియదు, ప్రేమగా పోస్తారు. కొందరు తెలిసే పోస్తారని పిన్ని అనుమానం. ఆ కొందరు ఎవరని అడిగితే, "మళ్లీ వాళ్లింటి ముందునుంచే నడవాలి కదే" అని మాట తప్పించేది.

ఒకసారి చాట్రాయి అవతల ఒక పెద్ద రైతు ఇంటికి నేనే ఆమెను స్కూటీ మీద తీసుకెళ్లాను. హాలు నిండా జనం. పెద్దకొడుకు అప్పటికే చెంచా ముంచి పట్టుకున్నాడు. పిన్ని చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి, గ్లాసు లాక్కుని, అడుగున మట్టితో సహా గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, "నాకు దాహంగా ఉంది బాబూ, ఆయనకి లేదు" అంది.

చివరికి ఆ కొడుకే తేరుకున్నాడు. "మరి ఎన్నాళ్లండీ ఇట్టా? మా నాన్న బాధ చూడలేకపోతన్నాం."

"చూడలేకపోతే కాసేపు అవతలికెళ్లు నాయనా. నువ్వు చూడలేకపోవటం ఆయన రోగం కాదు."

అలా అని వదిలి రాలేదు. ముసలాయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మెత్తని గుడ్డ తడిపి పెదవులు ఎలా అద్దాలో కోడళ్లకు చూపించింది. "పోయేవాళ్లకి దాహం ఉండదమ్మా, చూసేవాళ్లకే ఉంటది" అంది. ఆయన తన వేళకు తాను పోయాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం కడుపులో తిప్పుతోందని దారిపొడవునా ఆ తోటను, దాని మట్టిని, నా స్కూటీని కలిపి తిట్టింది.

ఇంకో ఇంట్లో అత్తగారు మంచంలో ఉంది. పక్కన గ్లాసూ లేదు, చెంచా లేదు. కోడలు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది. "సిస్టరు గారూ, మీ దగ్గర సూదేదో ఉంటదంటగా?" నాకు ఒళ్లు మండిపోయింది. పిన్ని ఆమె పక్కన కూర్చుని, "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయిందే తల్లీ?" అంది. ఆ పిల్ల భోరుమంది. ఆ పూటంతా అత్తగారి దగ్గర పిన్ని కూర్చుంది, కోడలు చాప మీద ఒళ్లెరక్కుండా పడుకుంది. మర్నాటి నుంచి ఆడబిడ్డలు వంతులు వేసుకునేలా చేసి, అప్పుడు కదిలింది. ఆ ఇంట్లో సూది మాట మళ్లీ రాలేదట.

"చావడిగిన ఇంట్లో ముందు నిద్ర ఎవరికి లేదో చూడాలే" అంది నాతో. తర్వాత ఇంకో మాట కూడా అంది. "వదలటం వేరు, తోయటం వేరు. వదలటానికి ఎవరు పిలిచినా ఎల్తా. తోయటానికి మా అమ్మ లేచొచ్చి పిలిచినా ఎల్లను." నేను పిల్లలకు పాఠం చెప్పేదాన్ని కదా, అంత తేలిక మాటల్లో అంత పెద్ద విషయం చెప్పవచ్చునా అని ఆశ్చర్యపోయాను.

పోయినేడు కోతలప్పుడు తోటలో అందరం కూర్చుని చిన్నరసాలు తింటున్నాం. పిన్ని కాయను మెత్తగా పిసికి, ముచిక తీసి, నోట్లో పెట్టుకుని పీల్చింది. పొలమారింది. దగ్గి, మళ్లీ పీల్చింది. మళ్లీ పొలమారింది. రసమంతా ముక్కులోంచి వచ్చింది. మేం నవ్వాం. పిన్ని నవ్వలేదు. కాయను కాసేపు చేతిలో పట్టుకుని చూసి, పక్కన పెట్టి, వెళ్లి చేతులు కడుక్కుంది. అప్పటికే ఆదివారం చర్చిలో పాటలో ఆమె మాట మొద్దుబారుతోందని నేను గమనించాను. పంటి నొప్పేమో అనుకున్నాను.

పెద్దాసుపత్రుల చుట్టూ తిరిగాక డాక్టర్లు పేరు చెప్పారు. మోటార్ న్యూరాన్ జబ్బు. మందు లేదు. పిన్ని బస్సు కండక్టరు స్టేజీలు చెప్పినట్టు మాకు చెప్పింది. "ముందు మాట పోద్ది. తర్వాత మింగుడు. తర్వాత చేతులు. ఆఖర్న ఊపిరి. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు." బాబాయి లేచి తోటలోకి వెళ్లిపోయాడు. ఆమె చెప్పినవన్నీ ఆమె చెప్పిన వరసలోనే వచ్చాయి. ఒకటి వచ్చాక తర్వాతిది ఏమిటో తెలిసి ఎదురుచూడటం ఎంత భయంకరమో చెప్పలేను. అప్పటికి నేను వాళ్లింట్లోనే ఉండి కాలేజీకి వెళ్లొస్తున్నాను. పొద్దున్నే ఆమె కప్పు ఎత్తితే, చెయ్యి ఎంతవరకు లేస్తుందోనని ముగ్గురం చూసేవాళ్లం. ముగ్గురం చూడనట్టు నటించేవాళ్లం.

మాట ఇంకా ఉండగానే నన్ను వెంటబెట్టుకుని నూజివీడులో ప్లీడరు దగ్గరికి వెళ్లింది. "విల్లు రాయాలండీ" అంటే ఆయన కాగితం తీసి, ఆస్తి వివరాలు చెప్పమన్నాడు.

"ఆస్తి కాదండీ, ఊపిరి" అంది పిన్ని.

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పాపం, తెలిశాక శ్రద్ధగానే చేశాడు. చట్టం ఏమంటుందో ఆ రోజే నేనూ సరిగ్గా తెలుసుకున్నాను. సూది వేసి ప్రాణం తీయడం ఈ దేశంలో నేరం, రోగి బతిమాలినా సరే. కానీ కోలుకునే ఆశ లేని జబ్బులో, మనకు తెలివి తప్పినప్పుడు, ప్రాణాన్ని ఊరికే లాక్కొచ్చే యంత్రాలు వద్దని ముందుగా రాసి ఉంచుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి, నోటరీ ఉండాలి. మన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు రాయాలి. పిన్ని బాబాయి పేరు రాయించింది, పక్కన నా పేరు కూడా రాయించింది. "మీ బాబాయి ఆ వేళకి చేతులెత్తేస్తాడే. నువ్వు మొండిదానివి" అంది. నా మొండితనాన్ని నా జన్మలో ఎవరైనా మెచ్చుకున్నారంటే అది ఆ ఒక్కసారే.

సాక్షిగా ఉండమని చర్చి ఫాదర్ గారిని అడిగింది. ఆయన "ఊపిరి దేవుడిచ్చింది కదమ్మా" అన్నారు.

"దేవుడిచ్చిన ఊపిరి దేవుడే తీసుకుంటాడు ఫాదర్. కరెంటోళ్లిచ్చే ఊపిరి నాకొద్దు."

ఫాదర్ గారు నవ్వారు గానీ పెన్ను వెంటనే తీయలేదు. "సూది మాట మాత్రం ఎప్పుడూ ఎత్తవు కదా?"

"ఎత్తను ఫాదర్" అంది పిన్ని. అప్పుడు సంతకం పెట్టారు.

తోటలో పూత రాలి పిందె కట్టే నాటికి మాట పూర్తిగా పోయింది. తిండికి ముక్కుగొట్టం పెట్టించుకుంది. నేను ఆమె ఫోనులో, టైపు చేస్తే చదివి వినిపించే యాప్ పెట్టాను. ఫోనులోని ఆ అమ్మాయికి కోపమూ రాదు, నవ్వూ రాదు. పిన్ని తిట్లన్నీ రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటులా వినిపించేవి. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత ఆ గొంతు వినగానే నేను చేతిలో పని వదిలి పరుగెత్తేదాన్ని.

ఒక మధ్యాహ్నం బాబాయి తోటకు వెళ్లాడు. గాలి ఆడటం లేదు. నేను దిండు సర్దుతుంటే ఫోను మాట్లాడింది. "నన్ను తోసెయ్యి అమ్మాయ్. నేనెవరికీ చెప్పనులే."

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది. "నువ్వే కదా చెప్పావు, వదలటం వేరు తోయటం వేరని!" అని అరిచాను.

పిన్ని వేలు చాలాసేపు అక్షరాలు వెతుక్కుంది. "అప్పుడు నేను మంచం పక్కన ఉన్నాను" అంది ఫోను. "ఇప్పుడు మంచంలో ఉన్నాను."

చట్టం ఒప్పుకోదని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ముఖంలోకి చూస్తే కళ్ల కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని, కూర్చునే తెల్లవారుస్తోందని అప్పుడు తెలిసింది. మమ్మల్ని లేపడం ఇష్టంలేక చెప్పలేదట. బాధ తగ్గించే వైద్యం చేసే డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆవిడ వచ్చి మంచం తలవైపు ఎత్తు చేయించి, ఆయాసం తెలియకుండా మందు రాసింది. ఆ సాయంత్రం పిన్ని నోరు తెరుచుకుని, గురక పెట్టి మరీ నిద్రపోయింది. ఆ గురక వింటూ బాబాయి గుమ్మంలో కూర్చుండిపోయాడు.

తోసెయ్యమన్న మాట పిన్ని మళ్లీ ఎత్తలేదు. వెనక్కి కూడా తీసుకోలేదు. నిద్ర లేక అడిగిందా, నిజంగానే అడిగిందా? చట్టమే ఒప్పుకుంటే నేను చేసేదాన్నా? ఈ రెండు ప్రశ్నలూ నన్ను ఇప్పటికీ వదల్లేదు. చేసేదాన్ని కాదనే అనుకుంటాను. ఒక్కోసారి అలా అనుకున్నందుకే నామీద నాకు అసహ్యం వేస్తుంది.

కోతలు మొదలయ్యాక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నేను కాలేజీలో ఉన్నాను. బాబాయి భయపడిపోయి, తెలివి తప్పుతున్న మనిషిని కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను పరుగెత్తుకు వెళ్లేసరికి గొంతులో గొట్టం వేయడానికి అంతా సిద్ధంగా ఉంది. నేను కాగితం చూపించాను. డాక్టరు మంచివాడే. పూర్తిగా చదివి, "ఇద్దరి పేర్లున్నాయి. ఇద్దరూ ఒక్క మాట మీద ఉండాలండీ. ఎక్కువ టైము లేదు" అన్నాడు.

బాబాయి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పెట్టించమ్మా. కోతలయ్యేదాకా. తర్వాత తీయిద్దాం."

"తర్వాత నువ్వు తీయమంటావా బాబాయ్?"

ఆయన నా చేతులు వదిలేశాడు. లోపల ఏదో మిషను ఆగకుండా కూస్తోంది. "అనలేను" అన్నాడు. కాసేపటికి, "అయితే వద్దులే" అన్నాడు. ఆ మాటతో ఆయన నడుము వంగిపోవడం నా కళ్లతో చూశాను.

ఆ తర్వాత డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నారు. బయటి డాక్టర్లు వచ్చి మళ్లీ చూశారు. చట్టం చెప్పిన గడపలన్నీ దాటాక, ఆయాసానికి మందులిచ్చి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. మేం చేసింది ఇది. బస్టాండులో అడిగిన ఆవిడ ఇది చదువుతుందని ఆశ.

ఇంటికి తెచ్చాక బంధువులు, కూలీలు, చర్చివాళ్లు, పక్క తోటలవాళ్లు అందరూ వచ్చారు. పిన్ని ఒకప్పుడు ఏ ఇళ్లలో కూర్చుందో ఆ ఇళ్లవాళ్లంతా ఉన్నారు. గాలి దుమారం వచ్చేలా ఆకాశం పసుపుపచ్చగా మారింది. కాయ రాలిపోతుందేమోనని మాటిమాటికీ పైకి చూస్తున్నారు, మళ్లీ మంచం వైపు చూస్తున్నారు. నేను గుడ్డ తడిపి పెదవులు అద్దుతున్నాను. ఉన్నట్టుండి గుమ్మం దగ్గర జనం పక్కకు జరిగారు. తలెత్తితే, బాబాయి తోటలోంచి వస్తున్నాడు. ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో చెంచా. ఆయన వెనక, ఎవరూ చెప్పకుండానే జనం వరస కట్టారు.

నేను మంచానికి అడ్డంగా నిలబడ్డాను. "వద్దు బాబాయ్."

"నువ్వు మిషను వద్దన్నావు, విన్నా. ఇది మిషను కాదుగా అమ్మా. తోట నీళ్లు. ఆమె పెంచిన తోట."

"పిన్ని ఇంటింటికీ తిరిగి వద్దని చెప్పింది ఇదే బాబాయ్."

"దాహంతో పంపిస్తావా?"

"పోయేవాళ్లకి దాహం ఉండదని పిన్నే చెప్పింది."

"పోయినోళ్లెవరన్నా వచ్చి చెప్పారా మీ పిన్నికి?" అన్నాడు.

నలభై ఇళ్లలో పిన్ని అన్న మాటకు నలభై మంది తలొంచారు. ఆమె భర్త ఒక్కడే ఎదురు ప్రశ్న వేశాడు. నేను మాత్రం పక్కకు జరగలేదు. వెనక్కి తిరిగి మళ్లీ తడిగుడ్డ పెదవులకు అద్దాను. అప్పుడు పిన్ని పెదవులు కదిలి ఆ గుడ్డ అంచును పట్టుకున్నాయి. పసిపిల్లలు పట్టుకున్నట్టు. అది దాహమో, నరాల పనో నాకు తెలియదు. డాక్టరమ్మ తర్వాత నరాల పనే అంది. బాబాయి మాత్రం చూశాడు. గ్లాసు అలాగే పట్టుకుని, ఒక్క అడుగు ముందుకు వేయకుండా, ఒక్క అడుగు వెనక్కి వేయకుండా నిలబడ్డాడు. పిన్ని ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడంలోనే ఉండిపోయింది. బాధపడలేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. దాహం సంగతి ప్రమాణం చేయలేను.

ఆ రోజు నుంచి బాబాయి నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, రావద్దనలేదు. నేను వెళ్తే కుర్చీ వేస్తాడు, తాను తోటలోకి వెళ్లిపోతాడు. ఊళ్లో సగం మంది ఊపిరి అందకుండా చేశానంటున్నారు, సగం మంది గొంతు తడపనివ్వలేదంటున్నారు. పిన్ని ఉంటే రెండు సగాలకూ కలిపి ఒకటే తిట్టు తిట్టేది. ఎంతోమందిని నిమ్మళంగా సాగనంపిన మనిషి, తన వంతుకు నన్ను నమ్మింది. ఆ నమ్మకానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. దాని బరువు ఎంతో ఆమెకు తెలిసే నాకిచ్చిందని కూడా అనుకుంటాను.

మొన్న ఆదివారం పూజ అయ్యాక సమాధుల తోటకు వెళ్లాను. సిమెంటు ఇంకా వేయలేదు, మట్టి దిబ్బే. బాబాయి నాకంటే ముందే వచ్చి, తలవైపు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన, తమ తోట బోరు నీళ్లు తెచ్చిన ప్లాస్టిక్ బిందె. నన్ను చూడలేదు. దోసిట్లో కొంచెం నీళ్లు తీసుకుని, వేళ్ల సందుల్లోంచి సన్నగా వదులుతున్నాడు. ఎండకు బీటలిచ్చిన మట్టి పోసింది పోసినట్టే లాగేసుకుంటోంది. చివరి చుక్క ఇంకేదాకా వంగి చూస్తూ ఆగుతున్నాడు. అప్పుడు గానీ మళ్లీ బిందెలో చెయ్యి పెట్టడం లేదు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.